డెన్నిస్ రిచీ

డెన్నిస్ మెకాలిస్టెయిర్ రిచీ (సెప్టెంబరు 9, 1941 – అక్టోబరు 2011) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. సీ అనే ప్రోగ్రామింగు భాషను సృష్టించినవానిగా, కెన్ థాంప్సన్‌తో కలిసి యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంను నిర్మించినవానిగా ప్రసిద్ధుడు. 1967 నుండి 2007 వరకు నలభై సంవత్సరాలు బెల్ ప్రయోగశాలలలో పనిచేశాడు. కంప్యూటరులో ఆయన లాగిన్ పేరు డీఎంఆర్. సహచరులలోనూ ఆ మూడక్షరాల పేరే వాడుకలో ఉండేది.

సీ భాష కీర్తి వల్ల కొంత మరుగున పడినప్పటికీ, ఫైళ్ళ రక్షణ విషయంలో రిచీ చేసిన కృషి తక్కువది కాదు. కంప్యూటరు నిర్వాహకుడికి ఏ ఫైలునైనా చదవడానికి, మార్చడానికి, చెరిపివేయడానికి నిరాటంకమైన అధికారం ఉండాలా, లేక ప్రమాదకరమైన కొన్ని పనులకు నిర్వాహకుణ్ణి కూడా ఆపరేటింగ్ సిస్టం అడ్డుకోవాలా అన్న వివాదం నేటికీ తెగలేదు. ఆ వివాదానికి కేంద్రమైన సూపర్ యూజరు ఏర్పాటు లోకమంతటా వ్యాపించింది యునిక్స్ ద్వారానే. ఆ ఏర్పాటులోని దోషాన్ని తొలినాళ్ళలోనే వ్రాతపూర్వకంగా ఒప్పుకొన్నవాడు కూడా రిచీయే.

బాల్యము, విద్యాభ్యాసము

రిచీ న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించాడు. తండ్రి అలిస్టెయిర్ రిచీ బెల్ ప్రయోగశాలలలో శాస్త్రవేత్త. స్విచ్చింగు సర్క్యూట్ల నిర్మాణంపై వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథానికి ఆయన సహరచయిత. తరువాత కుటుంబం న్యూజెర్సీలోని సమ్మిట్ పట్టణానికి తరలివెళ్ళగా డెన్నిస్ అక్కడి ఉన్నత పాఠశాలలో చదివాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం అభ్యసించి 1963లో పట్టా పొందాడు. పిదప అక్కడే అనువర్తిత గణితంలో పరిశోధన సాగించాడు.

ఆయన 1968లో ప్రోగ్రాముల నిర్మాణానికీ గణన క్లిష్టతకూ గల సంబంధంపై సిద్ధాంత గ్రంథం వ్రాశాడు. అయితే బైండు చేసిన ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సమర్పించకపోవడం వల్ల ఆయనకు డాక్టరేటు పట్టా రానేలేదు. చాలామంది పుస్తకాలలో ఆయనను డాక్టర్ రిచీ అని పేర్కొనడం పొరపాటు. చాలాకాలం కనిపించకుండా ఉండిన ఆ గ్రంథం 2020లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా వెలుగులోకి వచ్చింది.

మల్టిక్స్ అనుభవం

1967లో రిచీ తండ్రి బాటలోనే బెల్ ప్రయోగశాలలలో చేరాడు. అప్పటికి ఆ సంస్థ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థతోనూ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతోనూ కలిసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగ్ సిస్టం నిర్మాణంలో పాల్గొంటున్నది. అనేకమంది ఒకే యంత్రాన్ని ఒకేసారి వాడుకొనేలా, ఒకరి సమాచారం మరొకరి చేతిలో పడకుండా కట్టుదిట్టం చేయడం మల్టిక్స్ ముఖ్యోద్దేశాలలో ఒకటి. ఒక్కొక్క ఫైలును ఎవరెవరు వాడవచ్చునో తెలిపే జాబితాలు, ఒకదాని లోపల ఒకటిగా ఉండే రక్షణ వలయాలు అందులో ఉండేవి.

పని అనుకొన్న కాలానికి పూర్తికాలేదు, ఖర్చు పెరిగింది. 1969లో బెల్ ప్రయోగశాలలు ఆ పథకం నుండి తప్పుకొన్నాయి. మల్టిక్స్ తరువాత పూర్తయి చాలా ఏళ్ళు వాడుకలో ఉన్నప్పటికీ, రిచీ బృందానికి మాత్రం అది మధ్యలో ఆగిన పనిగానే మిగిలింది. చెట్టుకొమ్మల వలె పరచుకొనే డైరెక్టరీల ఆలోచనను వారు మల్టిక్స్ నుండి వెంట తెచ్చుకొన్నారు. దాని రక్షణ వలయాలను మాత్రం తెచ్చుకోలేదు.

యునిక్స్ పుట్టుక

1969లో కెన్ థాంప్సన్, రిచీ, రడ్ కెనడే ముగ్గురూ కూర్చొని నల్లబల్ల మీద ఒక ఫైలు వ్యవస్థకు రూపకల్పన చేశారు. థాంప్సన్ దానిని ప్రయోగశాలలో పెద్దగా వాడకంలో లేని పీడీపీ-7 అనే చిన్న కంప్యూటరుపై అమలుచేశాడు. యునిక్స్‌కు ఇదే ఆరంభం.

తరువాత వచ్చిన పీడీపీ-11 యంత్రాన్ని సంస్థలోని పేటెంటు విభాగం వారి దరఖాస్తుల టైపు పని పేరు చెప్పి సంపాదించారు. 1971 ద్వితీయార్ధంలో ముగ్గురు టైపిస్టులు దినమంతా దానిపై పనిచేస్తుండగా, అదే యంత్రంపై రిచీ, థాంప్సన్‌లు తమ పరిశోధన సాగించారు. ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి రక్షణ లేదు. ఉన్న ఏకైక డిస్కు సామర్థ్యం అర మెగాబైటు మాత్రమే. కొత్త ప్రోగ్రామును పరీక్షించిన ప్రతిసారీ మొత్తం వ్యవస్థ కుప్పకూలే అవకాశం ఉండేది. కొన్ని గంటలకొకసారి టైపిస్టుల పనిని టేపులపైకి ఎక్కించి భద్రపరచవలసి వచ్చేది. ఇతరుల కష్టాన్ని తమ ఒక్క పొరపాటు తుడిచివేయగల స్థితిలో యునిక్స్ పెరిగిందన్న సంగతి, తరువాతి కథను అర్థం చేసుకోవడానికి ముఖ్యం.

1971 నవంబరు 3వ తేదీతో యునిక్స్ మొదటి కరదీపిక వెలువడింది. 1973లో జరిగిన ఒక సదస్సులో రిచీ, థాంప్సన్‌లు దీనిపై పత్రం సమర్పించారు. 1974 జూలైలో ఆ పత్రం అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ పత్రికలో ప్రచురితమై యునిక్స్‌ను విశ్వవిద్యాలయాలకు పరిచయం చేసింది.

సీ భాష

థాంప్సన్ రూపొందించిన బీ భాషను రిచీ విస్తరించి, దత్తాంశాలకు రకాలను చేర్చి, 1972 నాటికి సీ భాషగా మలిచాడు. 1973లో యునిక్స్ కెర్నెల్‌ను ఈ భాషలో తిరగవ్రాయడంతో ఆ వ్యవస్థను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి మార్చడం సాధ్యమైంది. 1978లో బ్రయన్ కెర్నిహాన్‌తో కలిసి రిచీ ఈ భాషపై వ్రాసిన చిన్న పుస్తకం ప్రపంచమంతటా పాఠ్యగ్రంథమైంది. మన ఇంజనీరింగు కళాశాలల్లో కొన్ని తరాల విద్యార్థులు ప్రోగ్రామింగు నేర్చుకొన్నది ఈ భాషతోనే. సీ భాష గురించి వేరే వ్యాసాల్లో విస్తారంగా ఉన్నది కనుక ఇక్కడ అంతకుమించి వ్రాయలేదు.

ఫైళ్ళ రక్షణ, సూపర్ యూజరు

యునిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. దానిని ఎవరు చదవవచ్చు, ఎవరు వ్రాయవచ్చు, ఎవరు నడపవచ్చు అన్నవి ఆ ఫైలుకు సంబంధించిన కొద్దిపాటి బిట్లలో నమోదై ఉంటాయి. మల్టిక్స్ జాబితాలతో పోలిస్తే ఇది ఎంతో సరళమైనది. అయితే ఈ నిబంధనలన్నింటికీ అతీతంగా ఒకే ఒక వాడుకరి ఉంటాడు. ఆ వాడుకరి సంఖ్య సున్న. సూపర్ యూజరు అనీ, రూట్ అనీ పిలువబడే ఈ వాడుకరి ఏ ఫైలు ముట్టుకొన్నా కెర్నెల్ అనుమతులను పరిశీలించదు.

ఇటువంటి సర్వాధికారిని ఎందుకు పెట్టారు? 1974 నాటి పత్రంలో రచయితలు ఇచ్చిన ఉదాహరణ చాలా సాధారణమైనది. మొత్తం ఫైలు వ్యవస్థను టేపుకు ఎక్కించే, తిరిగి టేపు నుండి దించే ప్రోగ్రాములకు రక్షణ నిబంధనలు అడ్డురాకూడదు. అందరి ఫైళ్ళకూ నకలు తీయాలంటే అందరి ఫైళ్ళనూ చదవగలగాలి గదా. అర మెగాబైటు డిస్కుతో, టేపులతో కాలం గడిపినవారికి ఇది నిత్యావసరం.

సూపర్ యూజరుతో ముడిపడిన మరొక ఏర్పాటు పూర్తిగా రిచీ ఆలోచన. వాడుకరి తన సంకేతపదాన్ని తానే మార్చుకోగలగాలి. కానీ సంకేతపదాలుండే ఫైలును ఎవరంటే వారు మార్చగలిగితే రక్షణ మిగలదు. దీనికి రిచీ కనుగొన్న పరిష్కారం సెట్-యూజర్-ఐడీ. ఒక ప్రోగ్రాము ఫైలుకు ఈ గుర్తు పెడితే, దానిని ఎవరు నడిపినా, నడుస్తున్నంతసేపు దానికి ఆ ఫైలు యజమాని అధికారాలు సంక్రమిస్తాయి. సంకేతపదం మార్చే ప్రోగ్రాముకు సూపర్ యూజరు యజమాని. వాడుకరి చేతికి సర్వాధికారం రాదు, ఆ అధికారంతో చేయదగిన ఒక చిన్న పని మాత్రమే వస్తుంది. దీనిపై బెల్ ప్రయోగశాలలు 1973 జూలైలో రిచీ పేరుతో పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1979 జనవరి 16న 4,135,240 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. తరువాత దానిని ప్రజలకే అంకితం చేశారు.

అధికారాన్ని మనిషికి కాక పనికి కట్టిపెట్టడం ఈ ఆలోచనలోని గొప్పదనం. దాని చిక్కు కూడా అక్కడే ఉన్నది. ఆ ప్రోగ్రాములో తప్పు దొర్లితే, ఆ తప్పుకు కూడా సర్వాధికారం లభిస్తుంది. ఏడవ సంచిక యునిక్స్‌లో కొత్త డైరెక్టరీని సృష్టించడానికి కెర్నెల్‌లో ఒకే పిలుపు లేదు. ఖాళీ డైరెక్టరీని తయారుచేసి, దానిని తనకూ, తన పై డైరెక్టరీకీ ముడివేయడం వేర్వేరు అంచెలలో జరగాలి. మొదటి అంచె సూపర్ యూజరుకు మాత్రమే సాధ్యం. అందువల్ల డైరెక్టరీ సృష్టించే మామూలు ఆదేశం సైతం సెట్-యూజర్-ఐడీ ప్రోగ్రాముగా ఉండేది. మధ్యలో ఆగిపోతే సగం కట్టిన డైరెక్టరీ మిగిలిపోయేది. 1983లో బర్క్లీ విశ్వవిద్యాలయం వారి 4.2బీఎస్‌డీ ఈ పనులను కెర్నెల్‌లో ఒక్కొక్క పిలుపుగా మార్చివేసింది.

ఆనాటి యునిక్స్‌లో సూపర్ యూజరు ఒక డైరెక్టరీకి రెండవ పేరు పెట్టి, దానిని తన సంతానం కిందనే వ్రేలాడదీయగలిగేవాడు కూడా. అలా చేస్తే డైరెక్టరీల వృక్షం చక్రంగా మారి, దానిని వెదికే ప్రోగ్రాములు తిరిగిన చోటే తిరుగుతాయి. లినక్స్ ఈ పనిని రూట్‌కు సైతం నిరాకరిస్తుంది. చిత్రమేమంటే, 2007లో ఆపిల్ కంపెనీ తన బ్యాకప్ వ్యవస్థ కోసం ఇదే సదుపాయాన్ని కొత్తగా ప్రవేశపెట్టింది. ఒకరు నిషేధించిన పనే మరొకరికి అవసరమైంది.

చెరిపే ఆదేశం

యునిక్స్‌లో ఫైళ్ళను చెరిపే ఆదేశం పేరు ఆర్‌ఎం. ఒక డైరెక్టరీని, దాని కింద ఉన్న సమస్తాన్నీ ఒకేసారి తొలగించే వీలు దీనిలో ఉన్నది. చెరిపిన ఫైలును తిరిగి తెచ్చుకొనే మార్గం లేదు.

వాడుకరికి వ్రాసే అనుమతి లేని ఫైలును చెరపబోతే ఆర్‌ఎం ఒకసారి ఆగి అడుగుతుంది. అయితే సూపర్ యూజరుకు వ్రాసే అనుమతి సర్వత్రా ఉన్నట్లే లెక్క. కాబట్టి ఆ ప్రశ్న ఆయనకు ఎదురుకాదు. ఎవరి పొరపాటు అందరినీ ముంచగలదో వారినే ఈ హెచ్చరిక పలకరించకపోవడం విచారకరమే.

అట్లని రిచీ బృందం ప్రమాదాలను బొత్తిగా పట్టించుకోలేదనడం సరికాదు. యునిక్స్‌లో రెండు చుక్కల పేరు పై డైరెక్టరీని సూచిస్తుంది. చుక్కతో మొదలయ్యే ఫైళ్ళన్నింటినీ చెరపాలనుకొని చుక్క, నక్షత్రం గుర్తు ఇస్తే, దానిలో ఈ రెండు చుక్కలు కూడా కలిసివచ్చి, చెరపడం పై డైరెక్టరీకి ఎగబ్రాకుతుంది. 1979లో వెలువడిన ఏడవ సంచిక కరదీపికలో ఆర్‌ఎం ఆదేశం రెండు చుక్కలను చెరపడం నిషిద్ధమని, ఈ పొరపాటు వల్ల కలిగే సంఘవ్యతిరేక ఫలితాలను తప్పించడమే దానికి కారణమని కొంత హాస్యధోరణిలో చెప్పబడింది. ఈ నిషేధానికి సూపర్ యూజరు కూడా మినహాయింపు కాడు. గమనించవలసినది ఏమిటంటే, ఈ నిషేధం ఆదేశంలో ఉన్నదే కాని కెర్నెల్‌లో లేదు.

భద్రతపై వ్యాసం

ఏడవ సంచిక కరదీపికలోనే యునిక్స్ భద్రతపై రిచీ వ్రాసిన చిన్న వ్యాసం ఒకటి ఉన్నది. తన సృష్టిలోని లోపాలను సృష్టికర్తే వరుసగా చెప్పిన ఇటువంటి రచనలు అరుదు. యునిక్స్‌ను భద్రతే ప్రధానంగా దృష్టిలో పెట్టుకొని నిర్మించలేదని, ఆ ఒక్క కారణం చేతనే లోపాలు అనేకం ఉండితీరుతాయని ఆయన మొదటనే చెప్పాడు.

వ్యవస్థను కూలగొట్టడం ఎంత సులభమో చూపడానికి ఒక ఉదాహరణ ఇచ్చాడు. డైరెక్టరీని సృష్టించి, అందులోకి దిగి, మళ్ళీ డైరెక్టరీని సృష్టించే పనిని అంతు లేకుండా సాగించే ప్రోగ్రాము చాలునట. అది డిస్కులోని స్థలాన్ని గాని, ఫైళ్ళ పట్టికలోని ఖాళీలను గాని తినివేసేదాకా ఆగదు. దీనికి ప్రత్యేకాధికారం ఏదీ అక్కరలేదు.

సూపర్ యూజరు గురించి ఆయన అభిప్రాయం స్పష్టం. ఎటువంటి రక్షణ పద్ధతికైనా సూపర్ యూజరు అనే భావనే సిద్ధాంతరీత్యా ఒక మచ్చ అని, ఆచరణలోనూ సాధారణంగా మచ్చే అవుతుందని ఆయన వ్రాశాడు. తొలగించమని మాత్రం అనలేదు.

డిస్కులను వ్యవస్థకు జతచేసే విషయంలో ఆయన చూపిన దారి ఈ వివాదానికి మరింత దగ్గరది. జతచేసిన డిస్కుపై ఉన్నదంతా నిజమేనని వ్యవస్థ నమ్ముతుంది. ఎవరైనా వేరొక చోట తయారుచేసిన డిస్కుపై సూపర్ యూజరు అధికారాలిచ్చే ప్రోగ్రామును పెట్టి తెస్తే, రక్షణ అంతా వృథా. చెత్త నిండిన డిస్కును తెస్తే వ్యవస్థ కూలిపోతుంది. సామాన్య వాడుకరులకు డిస్కులు జతచేసే ఆదేశాన్ని నిషేధించడం సులభమైన మార్గమని చెబుతూనే, అంత కఠినం కాని మరొక మార్గాన్ని కూడా రిచీ సూచించాడు. ఆదేశమే ముందుగా డిస్కును పరీక్షించి, అనుమానించదగినవి కనిపిస్తే మొరాయించాలి. వ్యక్తిని బట్టి కాక, చేయబోయే పని స్వభావాన్ని బట్టి ఆపడం ఇందులోని కీలకం. తరువాతి దశాబ్దాలలో వచ్చిన నియంత్రణలు చాలావరకు ఈ దారినే నడిచాయి.

విమర్శలు

1994లో సిమ్సన్ గార్ఫింకెల్, డేనియల్ వైజ్, స్టీవెన్ స్ట్రాస్‌మన్‌లు సంపాదకులుగా యునిక్స్ ద్వేషుల కరదీపిక అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వెలువడింది. ఆర్‌ఎం ఆదేశం చేసిన నష్టాలపై అందులో ఫిర్యాదులు పుష్కలం. వాటిలో న్యాయం లేకపోలేదు. టాప్స్-20 అనే ఆపరేటింగ్ సిస్టంలో చెరిపిన ఫైలు వెంటనే పోయేది కాదు, శాశ్వతంగా తొలగించమని వేరే ఆదేశం ఇచ్చేదాకా వెనక్కి తెచ్చుకోవచ్చు. వీఎంఎస్‌లో ఒక ఫైలును మార్చినప్పుడు పాత ప్రతులు సంఖ్యలతో సహా నిలిచి ఉండేవి. ఇవన్నీ తెలిసిన కాలంలోనే యునిక్స్ వాటిని కాదనుకొన్నది.

ఆ పుస్తకానికి వ్యతిరేక ముందుమాట వ్రాసిపెట్టినది మరెవరో కాదు, రిచీయే. విమర్శకులను వెక్కిరిస్తూనే వారి పుస్తకానికి ముందుమాట వ్రాయడం ఆయన స్వభావాన్ని తెలుపుతుంది.

యునిక్స్ పక్షం వారి వాదన వేరు. నిర్వాహకుడు ఏమి చేయదలచుకొన్నాడో ఆపరేటింగ్ సిస్టంకు తెలియదు. ప్రమాదకరంగా కనిపించే పని ఒక్కొక్కసారి పాడైన వ్యవస్థను బాగుచేయడానికి ఏకైక మార్గం కావచ్చు. ప్రతిదానికీ నిజమేనా అని అడిగితే, కొన్నాళ్ళకు మనిషి చదవకుండానే అవునని నొక్కడం అలవాటు చేసుకొంటాడు.

ప్లాన్ 9

1980ల చివర నుండి రిచీ పనిచేసిన పరిశోధన కేంద్రంలో ప్లాన్ 9 అనే కొత్త ఆపరేటింగ్ సిస్టం రూపుదిద్దుకొన్నది. రాబ్ పైక్, కెన్ థాంప్సన్, డేవ్ ప్రెసొట్టో తదితరులు దీని శిల్పులు. విభాగాధిపతిగా రిచీ వారికి అండగా నిలిచాడు. 1992లో విశ్వవిద్యాలయాలకు, 1995లో ఇతరులకు ఇది అందుబాటులోకి వచ్చింది.

ప్లాన్ 9లో సూపర్ యూజరు లేడు. ఫైళ్ళను భద్రపరచే సర్వరుకు నిర్వాహకుడు ఒకడు ఉంటాడు గాని, ఆయన అధికారాలు ఆ యంత్రం ముందు కూర్చొని ఇచ్చే ఆదేశాలకే పరిమితం. కొత్త వాడుకరులను చేర్చవచ్చు, డిస్కులను అమర్చవచ్చు. ఇతరుల ఫైళ్ళను చదవడానికి, మార్చడానికి, వాటి అనుమతులను సవరించడానికి ఆయనకు అధికారం లేదు.

మరి నకళ్ళ మాటేమిటి? సూపర్ యూజరు అవసరానికి 1974లో చూపిన ఉదాహరణే అది. ప్లాన్ 9 సర్వరు ప్రతిదినం ఒకసారి మొత్తం ఫైలు వ్యవస్థ స్థితిని, ఒకసారి వ్రాస్తే మళ్ళీ చెరపడానికి వీలుకాని ఆప్టికల్ డిస్కులపై తనంతట తానే నిలిపివేసేది. బెల్ ప్రయోగశాలలలోని సర్వరుకు ఇటువంటి డిస్కుల పెట్టె 350 గిగాబైట్లది ఉండేది. ఏ తేదీ నాటి ఫైలునైనా వాడుకరే వెళ్ళి తెచ్చుకోవచ్చు. పాత ఫైళ్ళకు ఆనాటి అనుమతులే వర్తిస్తాయి. నకలు తీయడానికి మనిషి అక్కరలేనప్పుడు, ఆ మనిషికి సర్వాధికారమూ అక్కరలేకపోయింది. 2002లో అదే కేంద్రం నుండి వచ్చిన వెంటి అనే నిల్వ వ్యవస్థ, ఒకసారి వ్రాసినదాన్ని చెరపనివ్వని ఈ పద్ధతిని మామూలు డిస్కులపైకి తెచ్చింది.

నిర్వాహకుణ్ణి అడ్డగించడం ఒక దారి, చెరపడాన్నే తిరిగి సరిదిద్దుకోగల పనిగా మార్చడం మరొక దారి. ఈ వ్యాసకర్త దృష్టిలో రెండవదే మేలైనది. అయితే ప్లాన్ 9 పరిశోధకుల వ్యవస్థగానే మిగిలిపోయింది. లోకం యునిక్స్‌తోనే, దాని సూపర్ యూజరుతోనే సాగింది.

తరువాతి పరిణామాలు

1990ల మొదట్లో వచ్చిన 4.4బీఎస్‌డీలో ఫైళ్ళకు మార్చరాదు అనే గుర్తును పెట్టే వీలు కల్పించారు. దానితోపాటు కెర్నెల్‌కు భద్రతా స్థాయి అనేది ఒకటి ఉంటుంది. ఆ స్థాయిని పెంచిన తరువాత ఈ గుర్తును రూట్ కూడా తీయలేడు. ఆ స్థాయిని రూట్ మామూలుగా తగ్గించలేడు. లినక్స్‌లోనూ ఇటువంటి గుర్తు ఉన్నది. 1999లో వెలువడిన లినక్స్ 2.2 సూపర్ యూజరు అధికారాన్ని విడివిడి సామర్థ్యాలుగా విభజించింది.

ఆర్‌ఎం ఆదేశం మూల డైరెక్టరీని చెరపడానికి నిరాకరించడం 2005లో విడుదలైన సొలారిస్ 10తో మొదలైంది. 2006లో గ్నూ వారి ఉపకరణాలు కూడా అదే పద్ధతిని అవలంబించాయి. 2008 నాటి పోసిక్స్ ప్రమాణం దీనిని నియమంగా చేసింది. కాని మూల డైరెక్టరీ గుర్తు తరువాత నక్షత్రాన్ని చేర్చితే ఈ అడ్డు పనిచేయదు. నక్షత్రాన్ని షెల్ ముందుగానే లోపలి పేర్లుగా విడమరచి ఇస్తుంది కనుక, మూల డైరెక్టరీ పేరు ఆర్‌ఎం దాకా రాదు.

2015లో ఆపిల్ తన ఆపరేటింగ్ సిస్టంలో వ్యవస్థకు సంబంధించిన ఫైళ్ళను రూట్ సైతం మార్చలేని ఏర్పాటు చేసింది. కావాలనుకొన్న యజమాని యంత్రాన్ని రికవరీ పద్ధతిలో ప్రారంభించి దీనిని తొలగించుకోవచ్చు.

2016లో లినక్స్ లోకంలో పెద్ద చర్చ జరిగింది. యంత్రం ప్రారంభం కావడానికి అవసరమైన ఫర్మ్‌వేర్ విలువలను లినక్స్ ఫైళ్ళ రూపంలో చూపిస్తుంది. మూల డైరెక్టరీ నుండి అన్నిటినీ చెరిపినప్పుడు ఇవి కూడా చెరిగిపోయి, ఫర్మ్‌వేర్ లోపం వల్ల కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్ళీ ప్రారంభమే కాలేదు. అంతవరకు చెరపడం వల్ల పోయేది సమాచారమే. ఇప్పుడు యంత్రమే పనికిరాకుండా పోయింది. ఆ ఫైళ్ళను చదవడానికి మాత్రమే పరిమితం చేయాలని కొందరు, యంత్రాన్ని అమర్చే ఉపకరణాలకు వ్రాసే అవసరం ఉన్నదని మరికొందరు వాదించారు. చివరకు సురక్షితమని తెలిసిన కొన్నింటిని మినహాయించి, మిగిలినవాటికి మార్చరాదన్న గుర్తును కెర్నెలే పెట్టేలా చేశారు. ఆ గుర్తును రూట్ తీసివేయగలడు. కాకపోతే అది పొరపాటున జరిగే పని కాదు.

నిషేధాలకు గల హద్దు 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో తెలిసివచ్చింది. ఒక నిర్వాహకుడు ఒక యంత్రంలో చెరపవలసిన డేటాబేసు డైరెక్టరీని పొరపాటున మరొక యంత్రంలో, అంటే అసలైనదానిలో, చెరిపాడు. సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మిగిలేసరికి గుర్తించి ఆపాడు. బ్యాకప్ పద్ధతులు చాలావరకు పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు దొరికింది. ఇచ్చిన ఆదేశం చట్టబద్ధమైనదే, తప్పినది చోటు. అటువంటి దానిని ఏ ఆపరేటింగ్ సిస్టం గుర్తించగలదు?

పురస్కారాలు, చివరి రోజులు

1983లో రిచీ, థాంప్సన్‌లకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. 1990లో వారిద్దరికీ హామింగ్ పతకం ఇచ్చారు. 1998 సంవత్సరానికి అమెరికా జాతీయ సాంకేతిక పతకాన్ని 1999 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా అందుకొన్నారు. 2011లో జపాన్ పురస్కారం ప్రకటించబడింది. ఆ సంవత్సరం జపానులో సంభవించిన భూకంపం, సునామీల వల్ల దానిని మే నెలలో న్యూజెర్సీలోని ముర్రే హిల్‌లోనే అందజేశారు.

రిచీ మితభాషి, వినయశీలి. ప్రచారానికి దూరంగా ఉండేవాడు. యునిక్స్ చరిత్రపై వ్రాసిన వ్యాసాలలో ఇతరులకు చెందవలసిన ఘనతను వెదికి మరీ వారికి ఇచ్చాడు. 2007లో లూసెంట్ సంస్థలో సిస్టం సాఫ్టువేరు పరిశోధన విభాగాధిపతిగా పదవీ విరమణ చేశాడు.

2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని బర్క్లీ హైట్స్‌లో, తాను ఒంటరిగా నివసించే ఇంటిలో మరణించి కనిపించాడు. అప్పటికి ఆయన వయస్సు 70 సంవత్సరాలు. ఆ వార్తను రాబ్ పైక్ లోకానికి తెలియజేశాడు. దానికి వారం ముందే స్టీవ్ జాబ్స్ మరణించడంతో పత్రికలన్నీ ఆ వార్తతో నిండి ఉన్నాయి. రిచీ మరణానికి దక్కిన చోటు చాలా తక్కువ. ఆ సంవత్సరం నవంబరులో వెలువడిన ఫెడోరా 16ను, 2012 జనవరిలో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 9.0ను ఆయన స్మృతికి అంకితమిచ్చారు.